పిల్లాడి గురించి కాదు, నా గురించి అడుగుతున్నాను

కోనసీమ_అమ్మ (అమలాపురం దగ్గర)

నమస్తే అండి. మా బాబుకి మూడున్నరేళ్ళు. కిందటేడు ఆటిజం అని చెప్పారు. థెరపీ గురించి, తిండి గురించి ఈ గ్రూపులో చాలా చదివాను, పనికొచ్చాయి కూడా. ఈసారి అడుగుతున్నది నా గురించి. బయట ఎవరినీ అడగలేక ఇక్కడ రాస్తున్నాను.

వాడు రాత్రి పదకొండుకి పడుకుంటే రెండింటికి లేచిపోతాడు. ఇక తెల్లారేదాకా స్టీలు పళ్ళెం నేలమీద తిప్పుతూ, గుమ్మానికీ వంటింటికీ మధ్య పరుగులు. నేను వీధి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటాను. మా ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే కాలువ. వాడికి నీళ్ళంటే ప్రాణం. గేటుకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో సూత్రాలకి ఉన్న పిన్నీసుకి తగిలించుకుంటాను. స్నానం చేస్తున్నా చెవులు గేటు మీదే ఉంటాయి. వేసవిలో కాలువ కట్టేశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. జూన్‌లో నీళ్ళు వదిలారు, మళ్ళీ గుండెదడ మొదలైంది.

మా ఆయన కువైట్‌లో ఉంటారు. అత్తయ్యగారు మంచివారే. కానీ ఇంటికి ఎవరొచ్చినా "మా వంశంలో ఇలాంటిది లేదమ్మా" అంటారు. ఈ మధ్య చిన్నదానికే ఏడుపొస్తోంది. అన్నం సయించట్లేదు. వాడు వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసినా ఒక్కోసారి నాలో ఏమీ కదలట్లేదు. దానికే ఎక్కువ భయపడుతున్నాను. అందరికీ ఇలా ఉంటుందా? డాక్టరు దగ్గరికి వెళ్ళాలా, లేక భరించాల్సిందేనా?

పాలకొల్లు_పెద్దక్క

వెళ్ళాలమ్మా. ఇది భరించాల్సిన సంగతి కాదు. ముందు ఈ మాట చెప్పి, మిగతావి తర్వాత రాస్తాను.

మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్ళు. నువ్వు రాసిన ప్రతి వాక్యం నేను పడ్డదే, ఆ ఏమీ కదలకపోవడంతో సహా. దానర్థం బిడ్డ మీద ప్రేమ పోయిందని కాదు. నెలల తరబడి నిద్ర లేని మనిషికి ఏ భావమూ పూర్తిగా అందదు. నాకు నిద్ర తిరిగొచ్చాక అది కూడా తిరిగొచ్చింది.

మన వైపు అందరూ పిల్లాడికి ఎన్ని మాటలొచ్చాయి, కళ్ళల్లోకి చూస్తున్నాడా, ఏ సెంటర్‌కి వెళ్తున్నారు అని అడుగుతారు. నువ్వు తిన్నావా, నిన్న రాత్రి పడుకున్నావా అని అడిగేవాళ్ళు ఉండరు. చివరికి థెరపిస్టు కూడా ఇంట్లో చేయించమని ఇంకో చీటీ రాసిస్తారు. అది చేయించే మనిషి ఎలా ఉందో చూడరు. నాకు ఈ విషయంలో చాలా కోపం ఉంది.

చెరువుల_నాన్న (భీమవరం)

చెల్లెమ్మా, మగవాడిగా ఒక మాట చెబుతాను. మా బాబుకి అయిదేళ్ళు. నాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. బాబుకి ఆటిజం అని తెలిసిన కొత్తలో రాత్రిళ్ళు చెరువు గట్టు మీదే ఉండిపోయేవాడిని. ఏరేటర్లు ఆగిపోతే రొయ్య చచ్చిపోతుందని ఇంట్లో చెప్పేవాడిని. అది నిజమే, కాపలా ఉండాలి. కానీ కాపలాకి మనిషి ఉన్న రోజు కూడా ఇంటికి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు. ఆడవాళ్ళకి ఏడుపై బయటికొస్తుంది. మాకు ఇలా తప్పించుకు తిరగడమై, మాట తగ్గిపోవడమై వస్తుంది. రొయ్య రేటు పడిపోయిన సీజన్లో థెరపీ ఫీజు ఎలా కట్టాలో తెలియక నాకు ఛాతీ పట్టేస్తే గుండె అనుకుని ఇసిజి తీయించారు. గుండె బాగానే ఉంది, అంతా టెన్షన్ అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రులు పంచుకున్నాం. మంగళవారం, శనివారం బాబు నా దగ్గరే. ఆ రెండు రాత్రులూ నా భార్య వేరే గదిలో తలుపేసుకుని పడుకుంటుంది. వాడు ఏడ్చినా లేవకూడదు, అది మా ఒప్పందం. మొదట్లో ఆవిడకి ఆ గదిలోనూ నిద్ర పట్టలేదు. అలవాటు పడటానికి కొన్ని వారాలు పట్టింది. ఇద్దరం మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడం ఆ తర్వాతే. మీ ఆయన ఊళ్ళో లేరు కాబట్టి ఆ రెండు రాత్రులు ఇంకెవరు తీసుకోగలరో చూడండి. మీ అమ్మగారా, ఆడపడుచా? ఎవరినైనా సరే, నోరు తెరిచి అడగండి.

రాజమండ్రి_సైకాలజిస్ట్

నేను క్లినికల్ సైకాలజిస్టుని. పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ పనిచేస్తాను. ఇక్కడ రాసేది మామూలు సమాచారం, మిమ్మల్ని చూసి చేసిన నిర్ధారణ కాదు.

అందరికీ ఉంటుందా అని అడిగారు. ఎక్కువమందికి ఉంటుంది. 2013లో చాలా పరిశోధనల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణలో, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల ఒత్తిడి మామూలు పిల్లల తల్లిదండ్రుల కంటే మాత్రమే కాదు, వేరే వైకల్యాలున్న పిల్లల తల్లిదండ్రుల కంటే కూడా ఎక్కువని తేలింది. కాబట్టి మీరు బలహీనులు కారు, మీ మీద ఉన్న బరువే ఎక్కువ.

అయితే ఆ బరువు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. ఆటిజం మైల్డా, సివియరా అనే దానికంటే బాబు పేచీలు, తనని తాను కొట్టుకోవడం, నిద్రపోకపోవడం, చెప్పకుండా బయటికి వెళ్ళిపోవడం వంటివే పెద్దవాళ్ళని ఎక్కువగా కుంగదీస్తాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్ర సమస్యలు ఉంటాయి. మీరు పిల్లల డాక్టరుని ఈసారి కలిసినప్పుడు మాటల సంగతి పక్కన పెట్టి మొదట నిద్ర గురించే అడగండి. మలబద్ధకం, ముక్కు మూసుకుపోవడం, గురక, ఐరన్ తక్కువగా ఉండటం, వీటివల్ల కూడా మెలకువలు వస్తాయి. పడుకునే వేళ, లేచే వేళ రోజూ ఒకేలా ఉండటం, పగటి నిద్ర తగ్గించడం, రాత్రి ట్యూబ్‌లైటు, ఫోను లేకపోవడం, వీటితో కొంతమందికి మార్పు వస్తుంది. నిద్ర కోసం ఇచ్చే మెలటోనిన్ డాక్టరు రాస్తేనే వాడాలి, మెడికల్ షాపులో అడిగి కొనకండి.

ఇక మీ సంగతి. బాబు పడుకున్నప్పుడు మీకు నిద్ర పడుతోందా? పడుకునే అవకాశం లేకపోవడం వేరు, అవకాశం ఉన్నా నిద్ర రాకపోవడం వేరు. రెండు వారాలకు పైగా దాదాపు రోజూ దిగులుగా ఉండటం, దేనిమీదా మనసు పోకపోవడం, ఆకలి మారడం, నేను పనికిరానిదాన్ననిపించడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది. చచ్చిపోతే బాగుండుననో, నేనూ బాబూ ఇద్దరం లేకపోతే బాగుండుననో ఒక్కసారి అనిపించినా ఆ రోజే ఎవరికైనా చెప్పండి. ఊరు దాటి వెళ్ళలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడి సాయం చేసే సేవ, 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

వంశం మాట గురించి కూడా చెప్పాలి. తల్లిని నిందించడం మన ఊళ్ళలోనే పుట్టింది కాదు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజాన్ని వర్ణించిన తర్వాత చాలా ఏళ్ళు అమెరికాలో పెద్ద పెద్ద నిపుణులే తల్లి ప్రేమ చూపించకపోవడం వల్ల ఇది వస్తుందని చెప్పారు. 1960ల్లో బ్రూనో బెటెల్‌హైమ్ దాన్ని బాగా ప్రచారం చేశాడు. ఆ మాట విని కుమిలిపోయిన తల్లులు ఎందరో. అది తప్పని 1964లోనే గట్టిగా వాదించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ సైకాలజిస్టు, ఆటిజం ఉన్న అబ్బాయికి తండ్రి కూడా. ఇప్పుడు మనకి తెలిసినంతలో ఆటిజానికి మూలం ఎక్కువగా జన్యువుల్లో, పుట్టకముందే మొదలయ్యే మెదడు ఎదుగుదలలో ఉంది. పెంపకంలో కాదు.

రాజోలు_శ్రేయోభిలాషి

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. కానీ నిజం కూడా చెప్పాలి కదండీ. మా రోజుల్లో ఈ రోగాలు లేవు. పుట్టిన దగ్గర్నుంచి ఫోను చేతికివ్వడం, అన్నేసి ఇంజెక్షన్లు వేయించడం, వీటివల్లే అని అందరూ అంటున్నారు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకోండమ్మా, తగ్గిపోతుంది. మంచి కోరే చెబుతున్నాను.

పాలకొల్లు_పెద్దక్క

మీరు మంచి కోరే చెప్పారని నమ్ముతున్నాను బాబాయిగారూ. కానీ ఈ అమ్మాయి ఇప్పటికే సగం నిద్రతో బతుకుతోంది. నీవల్లే వచ్చిందనే మాట ఇంకోవైపు నుంచి కూడా వేయకండి. వంట అయ్యేదాకా పిల్లాడి చేతిలో ఫోను పెట్టకుండా ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఆ ఇంట్లో వంట చేసేటప్పుడు పిల్లాడిని పట్టుకునే మనిషి లేకపోవడం అసలు సమస్య.

వాడపల్లి మాట మాత్రం నాకు నచ్చింది, వేరే కారణానికి. అమ్మా, నీకు వెంకన్న మీద నమ్మకం ఉంటే మొక్కుకో. బాబుని అత్తయ్యగారి దగ్గరో మీ అమ్మ దగ్గరో వదిలిపెట్టి నువ్వొక్కదానివే వెళ్ళు. శనివారం అక్కడ ఉండే జనంలో, ఆ మైకుల్లో వాడు ఎలాగూ నిలవలేడు. మొక్కు అంటే ఇంట్లో ఎవరూ కాదనరు. ఏడు శనివారాలు నీకు కొన్నేసి గంటలు దొరుకుతాయి. ప్రదక్షిణలయ్యాక గోదావరి గట్టు మీద కాసేపు కూర్చుని రా. కానీ మొక్కు పేరుతో థెరపీ ఆపకు.

రాజమండ్రి_సైకాలజిస్ట్

ఇంజెక్షన్ల మాట: 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో ఆ భయం ప్రపంచమంతా పాకింది. ఆ వ్యాసాన్ని పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. రాసిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బ్రిటన్‌లో డాక్టరుగా నమోదు కోల్పోయాడు. ఆ తర్వాత లక్షల మంది పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో టీకాలకీ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. ఫోను తగ్గించడం ఏ పిల్లాడికైనా మంచిదే, కానీ ఆటిజం ఫోను వల్ల వచ్చేది కాదు.

ఇదే సందర్భంలో ఇంకో హెచ్చరిక. ఆశ మీద బతుకుతున్న తల్లిదండ్రులకి స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స పేరుతో లక్షల ఖర్చు చూపిస్తారు. ఆటిజానికి అది చికిత్సగా సిఫారసు చేయదగ్గది కాదని జాతీయ వైద్య కమిషన్‌లోని నైతిక విభాగం 2022లో చెప్పింది. పొలం తాకట్టు పెట్టి అటు వెళ్ళినవాళ్ళని చూశాను. డబ్బు పోవడం ఒక దెబ్బ, ఆ తర్వాత మొగుడూ పెళ్ళాల మధ్య వచ్చే మాటలు ఇంకో దెబ్బ.

తణుకు_తల్లి

ఒక్క మాట చెప్పి వెళ్తాను. మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఆటిజం. తెలియకుండానే అది రెండో తల్లి అయిపోయింది. స్కూల్లో పుట్టినరోజులకి పిలిచినా తమ్ముడు ఏడుస్తాడని వెళ్ళదు. ఇంట్లో ఇంకో బిడ్డ ఉన్నవాళ్ళు ఆ బిడ్డ ముఖం కూడా చూడండి.

కాకినాడ_కుర్రాడు

నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆటిజం నాకే ఉంది. చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చాయి. మాట్లాడటం కంటే రాయడం నాకు తేలిక.

పెళ్ళి బ్యాండు, సంక్రాంతి మైకు సెట్టు, మిక్సీ, ఇవి నాకు చెవిలో కాదు, ఒళ్ళంతా వినిపించేవి. నేల మీద పడి ఏడిస్తే మొండి అనేవారు. మొండితనం కాదు, అక్కడి నుంచి బయటపడే దారి వేరే తెలియక. అమ్మ మీద కోపంతో అసలే కాదు. బాబు మిమ్మల్ని కావాలని కష్టపెడుతున్నాడని ఎప్పుడైనా అనిపిస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

మా అమ్మ చాలా అలిసిపోయేది. ఆవిడ గొంతు మారితే నాకు వెంటనే తెలిసిపోయేది, ఎందుకో అర్థమయ్యేది కాదు. మా పిన్ని సెలవులకి వచ్చి ఉన్న రోజుల్లో అమ్మ పగలు పడుకునేది, నవ్వేది. ఆ రోజుల్లో నాకు కూడా ఇల్లు తేలికగా ఉండేది. మీరు పడుకుంటే బాబుకి అన్యాయం జరగదు ఆంటీ.

ఇంకొకటి. పిల్లాడు మాట్లాడడు కదా అని వాడి ముందే వాడి గురించి ఏడవకండి. మేము వింటాము.

రావులపాలెం_తాతయ్య

మా మనవడికి నాలుగేళ్ళు. కోడలు ఈ గ్రూపులో ఉందో లేదో నాకు తెలియదు, ఉంటే ఉండనివ్వండి. పెద్దవాళ్ళం ఏం చేయాలో ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

థెరపీలూ అవీ నాకు రావు. నేను చేసేది ఒకటే. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు వాడు నా మనిషి. కొబ్బరి తోటలోకి తీసుకెళ్తాను. ఒలిచిన డొక్కల గుట్ట ఉంటుంది. ఒక్కో డొక్కా తీసి వరసగా పేర్చుతాడు. వరస అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పేర్చుతాడు. మొదట్లో ఆపి వేరే ఆట నేర్పుదామని చూస్తే ఏడ్చాడు. ఇప్పుడు నేనూ పక్కన కూర్చుని ఒక వరస పేరుస్తాను. పోయిన నెలలో ఒక డొక్క తీసి నా వరసలో పెట్టాడు. దాని విలువ ఈ గ్రూపులో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ రెండు గంటలూ కోడలు ఏం చేస్తుందో నేను అడగను. పడుకుంటుందో, టీవీ చూస్తుందో తన ఇష్టం. ఇంట్లో మా ఆవిడకి కూడా అదే చెప్పాను. ఆ టైములో పని చెప్పవద్దని.

అమ్మాయీ, మీ అత్తగారికి కొడుకు చేత చెప్పించు. ఆ వయసులో కోడలు చెబితే ఎదురు చెప్పినట్టు ఉంటుంది, కొడుకు చెబితే వింటారు. ఆవిడ వంశం మాట ఎత్తేది కూడా భయంతోనే. నేనూ ఆ భయం పడ్డవాడినే.

భవిత_టీచర్

నేను మండలంలో భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో పనిచేస్తాను. మనసు భారంలో సగం కాగితాల భారం, డబ్బు భారం కాబట్టి ఇవి రాస్తున్నాను.

ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 వైకల్యాల్లో ఒకటి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) కోసం గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేసుకోవచ్చు. క్యాంపులో గంటల తరబడి కూర్చోబెడతారు, ఆ రద్దీలో మన పిల్లలు తట్టుకోలేరు. ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళండి. ఒకరు వరసలో ఉంటే ఒకరు బాబుని బయట చెట్టు కింద ఆడించవచ్చు. వైకల్యం 40 శాతం, ఆ పైన వస్తే పింఛనుకి దరఖాస్తు చేసుకోవచ్చు, ఇప్పుడు వికలాంగులకి నెలకి 6,000 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఉంది. సంవత్సరానికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకి కూడా కొంత వస్తుంది. మూడేళ్ళు దాటిన బాబుని దగ్గర్లోని భవిత కేంద్రానికి ఒకసారి తీసుకొచ్చి చూపించండి. అంగన్‌వాడీ టీచరుకి కూడా చెప్పి ఉంచండి.

కాలువ గురించి రాశారు. ఆ భయం ఉత్తుత్తిది కాదు. అమెరికాలో 2012లో వచ్చిన ఒక సర్వేలో నాలుగేళ్ళు దాటిన ఆటిజం పిల్లల్లో దాదాపు సగం మంది ఒక్కసారైనా ఇంటి నుంచో స్కూలు నుంచో చెప్పకుండా వెళ్ళిపోవడానికి ప్రయత్నించారని తేలింది. అలా వెళ్ళిన పిల్లలకి నీళ్ళే పెద్ద గండం. మన డెల్టాలో ఇంటికో కాలువ, వీధికో చెరువు. కాబట్టి "ఊరికే కంగారు పడతావు" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. కానీ కాపలా అంతా మీ ఒక్కరి కళ్ళ మీద పెట్టుకోకండి. తలుపు గడియ వాడికి అందనంత ఎత్తులో పెట్టించండి, తలుపుకి గంట కట్టండి, అది మోగితే పక్క గదిలోంచి కూడా తెలుస్తుంది. ఎదురింటి వాళ్ళకీ, కిళ్ళీకొట్టు వాళ్ళకీ, రేవులో బట్టలు ఉతికేవాళ్ళకీ బాబుని చూపించి, ఒంటరిగా కనిపిస్తే పట్టుకుని ఫోన్ చేయమని చెప్పండి. చెప్పడానికి నామోషీ పడకండి. కాస్త పెద్దయ్యాక ఈత నేర్పించండి, ఈత వచ్చినా కాపలా మాత్రం మానకూడదు.

కోనసీమ_అమ్మ

అందరివీ చదివాను. ఒక్కొక్కరికీ విడిగా రాయలేకపోతున్నాను, క్షమించండి.

14416కి చేశాను. రాత్రి మూడింటికి, బాబు పళ్ళెం తిప్పుతుంటే. అవతల అమ్మాయి తొందరపెట్టలేదు. ఏమీ కదలకపోవడం గురించి కూడా చెప్పగలిగాను. ఊళ్ళో డాక్టరుని కలవమన్నారు. వెళ్ళాను, మందు మొదలుపెట్టారు, కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. ఇంకా తేడా ఏమీ తెలియట్లేదు, కొన్ని వారాలు పడుతుందన్నారు. మా అమ్మ వచ్చి శుక్ర, శని రాత్రులు ఉంటానంది. అత్తయ్యగారికి మాత్రం నేను ఇంకా ఏమీ చెప్పలేదు. మందు వేసుకోవడం ఆవిడ చూస్తే పిచ్చికి వాడుతున్నాననుకుంటారేమో అని దాచి వేసుకుంటున్నాను.

రాజమండ్రి_సైకాలజిస్ట్

చాలా మంచి పని చేశారు. బాగుందని మధ్యలో మందు మానేయకండి, పనిచేయట్లేదని కూడా మానేయకండి. ఏ మార్పైనా డాక్టరుకి చెప్పే చేయాలి. ఇంకొకటి, ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక శిక్షణ తయారుచేసింది, తొమ్మిది గ్రూపు తరగతులు, మూడుసార్లు ఇంటికి వచ్చి చూడటం. అందులో పిల్లాడితో ఆడటం, పేచీలు తగ్గించడంతో పాటు తల్లి తన ఒత్తిడిని ఎలా చూసుకోవాలో కూడా నేర్పుతారు. మీ థెరపీ సెంటర్ వాళ్ళని అలాంటి గ్రూపు పెట్టమని అడగండి. నలుగురు తల్లులు కలిసి అడిగితే కాదనరు.

కువైట్_నాన్న (ఊరు మలికిపురం వైపు)

నేను ఈ అమ్మ భర్తని కాను, కానీ నాదీ అదే కథ. మా పాపకి నాలుగేళ్ళు. డబ్బు పంపడం తప్ప ఏం చేయగలనని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. ఫోన్ చేస్తే నా భార్య "బాగానే ఉన్నాం" అంటుంది, అంతకు మించి మాట్లాడదు. ఇది చదివాక భయమేసింది. దూరం నుంచి నేను చేయగలిగింది ఏమైనా ఉందా అక్కా?

పాలకొల్లు_పెద్దక్క

చాలా ఉంది తమ్ముడూ. "ఎలా ఉన్నారు" అని అడగకు, దానికి "బాగానే ఉన్నాం" అనే జవాబు వస్తుంది. నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు అని అడుగు. మీ అమ్మానాన్నలతో నువ్వే మాట్లాడు, అది మీ ఆవిడ మీద పెట్టకు. పాపని చూసుకోవడానికి సాయంత్రం రెండు గంటలు ఊళ్ళో ఒక మనిషిని పెట్టు. థెరపీకి పంపే డబ్బులాగే ఆ జీతం కూడా లెక్కలో వేసుకో. కాగితాల పనంతా నువ్వు తీసుకో. ఆన్‌లైన్‌లో నింపాల్సినవి అక్కడి నుంచే నింపవచ్చు. సెలవుకి వచ్చినప్పుడు చుట్టాల ఇళ్ళు తిరగడం తగ్గించి, పాపని రాత్రిళ్ళు నువ్వు చూసుకో.

కువైట్_నాన్న

సరే అక్కా. ఈ శుక్రవారం నాకు సెలవు, మా నాన్నతో మాట్లాడతాను. టీచర్‌గారూ, నిరామయకి ఏమేం కాగితాలు కావాలో చెప్పగలరా? పాపకి సదరం అయిపోయింది.

భవిత_టీచర్

సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) గానీ, పాప ఫొటో, చిరునామా రుజువు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, తెల్ల రేషన్ కార్డు ఉంటే అది. అన్నీ స్కాన్ చేసి ఒకచోట పెట్టుకోండి. ఏటా రెన్యూవల్ చేయించాలి, తారీఖు రాసి పెట్టుకోండి.